కొండెక్కేముందు ఎక్కడ తిందాం?

తెల్లవారుజామున మార్కాపురం రోడ్ స్టేషన్‌లో రైలాగుతుంది. సంచులు, దుప్పట్లు, భుజంమీద నిద్రపోతున్న పిల్లాడు... కుటుంబమంతా ఆటోలో సర్దుకుని బస్టాండుకు చేరుతుంది. శ్రీశైలం బస్సు వచ్చే లోపు మొదలవుతుంది తర్జనభర్జన. ‘ఇక్కడే తలా నాలుగు ఇడ్లీలు తినేసి ఎక్కుదాం’ అంటాడు ఇంటాయన. ‘దర్శనం కాకుండా నేను మెతుకు ముట్టను’ అంటుంది అమ్మమ్మ. ‘దోర్నాలలో బస్సు ఆగుతుందిగా, అక్కడ చూద్దాంలే బావా’ అంటాడు బావమరిది. పిల్లలకు చిప్స్ ప్యాకెట్టుంటే చాలు. ఇల్లాలు మాత్రం ఏమీ అనదు. రాత్రి పదకొండింటిదాకా మేలుకుని చేసిన పులిహోర డబ్బా ఆమె సంచిలోనే ఉంది మరి!

మార్కాపురం నుంచి శ్రీశైలానికి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. అందులో చివరి యాభై నల్లమల అడవే. ఇంటి దగ్గరైతే భోజనం గంట ఆలస్యమైనా కొంపలేం మునగవు. ఈ దారిలో అలా కాదు. ఎక్కడ, ఎప్పుడు తిన్నామన్నదాన్ని బట్టే కొండకు ఎప్పుడు చేరతామో, అసలు ఆ రాత్రికి చేరతామో లేదో తేలుతుంది. పెద్దవాళ్ల ఆరోగ్యం, పిల్లల కడుపు, ఘాట్ మలుపులు... అన్నీ ఆ ఇడ్లీ ప్లేటుతో ముడిపడి ఉంటాయి.

రూకకో భోజనం

కొత్త ఊళ్లో ఎక్కడ తినాలన్న ప్రశ్న ఇవాళ్టిది కాదు. ఈ రైలు మార్గంలోనే ఉన్న వినుకొండ పేరు ఇంటిపేరుగా కలిగిన వల్లభరాయుడిదని చెప్పే ‘క్రీడాభిరామం’లో (శ్రీనాథుడిదే అనేవాళ్లూ ఉన్నారు లెండి) గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. మధ్యాహ్నానికి ఆకలేస్తుంది. పూటకూళ్లింటి దారి పడతారు. ఒక్క రూక ఇస్తే సన్నన్నం, గోధుమపిండి వంట, చక్కెర, ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు! ఆరొందల ఏళ్ల కిందటి ‘ఫుల్ మీల్స్’ అన్నమాట.

ఏనుగుల వీరాస్వామయ్యది ఇంకో కథ. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఈయన 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, అహోబిలం మీదుగా వచ్చి ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలం ఎక్కాడు. పల్లకీ బోయీలు, వంటవాళ్లు, పెద్ద పరివారం వెంట ఉంది. మరి అంతమందికీ తిండి దొరకాలి కదా! అందుకే ‘కాశీయాత్ర చరిత్ర’ నిండా ఏ ఊళ్లో బియ్యం, కూరలు దొరుకుతాయి, ఏ ఊళ్లో దొరకవు, దిగడానికి సత్రం ఉందా, నీళ్లెలా ఉన్నాయి అన్న వివరాలే. గుళ్ల గురించి ఎంత శ్రద్ధగా రాశాడో సరుకుల గురించీ అంత శ్రద్ధగానే రాశాడు. యాత్ర చేసినవాళ్లకే తెలుస్తుంది అందులో ఉన్న తెలివి.

రెండు వంటిళ్ల మధ్య

మార్కాపురం అనగానే గుర్తొచ్చేవి పలకలు. ఆ తర్వాత లక్ష్మీచెన్నకేశవస్వామి గుడి. తిండి సంగతి బయటివాళ్లు పెద్దగా చెప్పుకోరు. చెప్పుకోదగ్గదే! 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. కాగితాల మీద కోస్తాలో కలిసింది కానీ, వంటింట్లో పొయ్యి మాత్రం సీమదే. జొన్నరొట్టె, రాగిసంగటి, సెనక్కాయల పచ్చడి, పండక్కి ఓళిగలు. అటు గుంటూరు వైపు వాళ్లు ‘మరమరాలు’ అనేవి ఇక్కడ ‘బొరుగులు’. వాటిని నీళ్లలో తడిపి పిండి, తాలింపు వేసి, పప్పులపొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే ఉగ్గానికి అర్థం లేదంటారు తెలిసినవాళ్లు. అలాగని కోస్తా రుచులకు తలుపులేమీ మూయలేదు. గోంగూర, ఆవకాయ, పెసరట్టు అన్నీ ఉన్నాయి. ఈ చుట్టుపక్కల కంది బాగా పండిస్తారు కాబట్టి ముద్దపప్పు, కందిపొడికి లోటు ఉండదు.

దిగగానే కళ్లకు కనిపించేవి బస్టాండు ఎదుటి హోటళ్లు. హడావిడిలో ఉన్నవాళ్లకు అవే గతి. పావుగంట వెసులుబాటు ఉన్నవాళ్లు మాత్రం నాలుగడుగులు ఊళ్లోకి వేస్తే మంచిది. బస్టాండు హోటలుకు వచ్చేవాడు మళ్లీ వస్తాడన్న నమ్మకం లేదు. వీధి చివరి టిఫిన్ బండి దగ్గరికి వచ్చేవాడు రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. చట్నీ పులిసిందంటే మొహం మీదే చెప్పేస్తాడు. ఆ భయమే వంటవాడి చేతికి రుచినిస్తుంది.

‘డ్రైవర్లు తినేచోట తింటే మోసం ఉండదు’ అని ఓ పాత సూత్రం ఉంది. లారీల విషయంలో అది చాలావరకు నిజమే. దూరప్రయాణపు బస్సుల దగ్గరికొచ్చేసరికి తిరగబడుతుంది. బస్సు తెచ్చి ఆపినందుకు సిబ్బందికి ఉచిత భోజనం పెట్టే హోటళ్లు రోడ్ల మీద కొత్తేమీ కాదు. ఆయన పళ్లెంలోది, మన పళ్లెంలోది ఒకటే అయినా బిల్లు మనకే వస్తుంది! అందుకని డ్రైవర్ని కాదు, మార్కెట్ యార్డు హమాలీని, ఆటో అన్నని, ఆఫీసు గుమాస్తాని చూడాలి. జేబులోంచి సొంత డబ్బు తీసి రోజూ తినేది వాళ్లే.

వేళ కూడా చూసుకోవాలి. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టిఫిన్లు జోరుగా సాగుతాయి. పెనం ఖాళీ లేనప్పుడు అడిగిన దోసె వేడిగా వస్తుంది. పదకొండు తర్వాత అడిగితే పిండి పులుపెక్కి, చట్నీ నీళ్లయి ఉంటుంది. ‘మీల్స్ రెడీ’ బోర్డు చూసి పదకొండింటికే కూర్చుంటే అన్నం ఉంటుంది, కూరలు ఇంకా పొయ్యి మీదుంటాయి. పన్నెండున్నర మంచి సమయం. సాయంత్రమైతే బజ్జీల మూకుడు ఎక్కడుంటే అక్కడే జనం. వేరే చిరునామా అక్కర్లేదు.

రోమ్ అయినా, వెనిస్ అయినా

ఇదేదో మన చిన్న ఊళ్ల తంతు అనుకోవద్దు. ఇటలీలో రోమ్, వెనిస్ లాంటి నగరాలకు వెళ్లినవాళ్లదీ ఇదే అవస్థ. పేరున్న చౌరస్తాలో, ఏడెనిమిది భాషల్లో మెనూ, రంగురంగుల ఫొటోలు పెట్టి, చేయి పట్టుకుని లాగినంత పని చేసే హోటళ్లుంటాయి. వెనిస్‌లోని సెయింట్ మార్క్స్ చౌరస్తాలో పేరున్న కాఫీ హోటళ్లయితే బయట సంగీతం వాయిస్తున్నందుకు కూడా బిల్లులో కొంత కలుపుతాయి. చాలా రెస్టారెంట్లలో ‘కోపెర్తో’ అని మనిషికింత అదనం, కూర్చున్నందుకూ బల్ల పరిచినందుకూ! అదే కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే తక్కువ. మధ్యాహ్నం రెండున్నర, మూడు దాటితే చాలా వంటిళ్లు మూతపడతాయి. మళ్లీ పొయ్యి వెలిగేది రాత్రి ఏడు, ఏడున్నరకే. అక్కడివాళ్లు ఇచ్చే సలహా కూడా కొత్తదేం కాదు... చౌరస్తా వదిలి రెండు మూడు సందులు లోపలికి వెళ్లండి, స్థానికులు కూర్చున్నచోట కూర్చోండి అని.

ఇంకో తమాషా ఉంది. యూరప్‌లో చాలా హోటళ్ల ముందు ‘ఈరోజు వంటలు’ రాసిపెట్టేది నల్లటి పలకబోర్డు మీదే. రాతిపలకనే పళ్లెంగా చేసి వడ్డించే షోకు కూడా ఉంది. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో ఆ షోకులేం కనిపించవు. ఇక్కడ స్టీలు ప్లేటు, దానిమీద ఆకు, ‘ఏమున్నాయన్నా’ అంటే గుక్కతిప్పుకోకుండా ఏకరువు పెట్టే సర్వరు. ఏమాటకామాటే, ఆ మెనూనే త్వరగా అర్థమవుతుంది.

నీళ్లు చూసి కూర్చోవాలి

పశ్చిమ ప్రకాశంలో హోటలు ఎంచుకునేటప్పుడు ముందుగా చూడాల్సింది నీళ్లు. ఈ చుట్టుపక్కల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి గుర్తించి, 1937లో వైద్య పత్రికకెక్కించింది అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెల్లోనే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఫ్లోరైడ్, ఇక్కడి చాలా బోర్లలో అంతకు మించి ఉంటుంది. కాచి చల్లార్చితే పోయే రకం కాదిది. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది కూడా.

యాత్రకొచ్చినవాళ్లు ఒక పూట ఆ నీళ్లు తాగితే వచ్చే ముప్పేమీ లేదు. ఆ బాధ ఇక్కడే పుట్టి, ఇక్కడి బోరునీళ్లే తాగి పెరిగినవాళ్లది. పళ్ల మీద గారలు, వంగిపోయిన కాళ్లు, నడుములు వాళ్లవి. అయినా శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు వరుసగా పెట్టుకుని, తాగడానికే కాదు వంటకూ అవే వాడుతున్నామని చెప్పే హోటలువాడు కనిపిస్తే ఆయన దగ్గర కూర్చోవాలి. నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. నల్లమలకు అవతల కృష్ణానీళ్లు, ఇవతల గొంతు తడవని పల్లెలు. ఆ నీళ్లు సొరంగాల గుండా ఇటు తేవాలన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఈ ప్రాంతంలో ‘వెలిగొండ నీళ్లు’ అనే మాట వింటూనే ఒక తరం పెద్దదైపోయింది.

దోర్నాల దాటితే...

మార్కాపురం నుంచి ముప్పై కిలోమీటర్లు దాటాక దోర్నాల. కాగితాల్లో పెద్దదోర్నాల. మార్కాపురం, యర్రగొండపాలెం, ఆత్మకూరు, శ్రీశైలం... నాలుగు దారులు కలిసేది ఇక్కడే. ఊరు చిన్నదే అయినా టిఫిన్ సెంటర్లు, మెస్సులు, టీకొట్లు, అరటిపండ్ల బళ్లతో సెంటరు ఎప్పుడూ సందడిగా ఉంటుంది. ఉండదా మరి, ఇది దాటితే అడవే!

ఇక్కడ గడియారమే యజమాని. శ్రీశైలం దారి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోంచి వెళుతుంది. దేశంలోని అతి పెద్ద పులుల అభయారణ్యాల్లో ఇదొకటి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలను అడవిలోకి వదలరు. శివరాత్రి లాంటి పర్వదినాల్లో సడలిస్తుంటారు కానీ, మామూలు రోజుల్లో గేటు పడిందంటే పడినట్టే. లెక్క వేసుకోండి. మార్కాపురంలో రాత్రి ఏడున్నరకు తీరిగ్గా భోజనానికి కూర్చుని, ఎనిమిదింబావుకు చేయి కడుక్కుని బయల్దేరితే దోర్నాల చేరేసరికి తొమ్మిది దాటుతుంది. కొండమీద బుక్ చేసుకున్న గది అక్కడే ఉంటుంది, కుటుంబం కారులో ఇక్కడ ఉంటుంది. ఆ రాత్రి దోర్నాలలో మంచం వెతుక్కోవాల్సిందే. కాబట్టి సాయంత్రం బయల్దేరినవాళ్లు భోజనం సంగతి కొండమీదే చూసుకోవడం మేలు. దారిలో ఓ టీ, రెండు అరటిపండ్లు చాలు.

పగటిపూటయితే దోర్నాలలో ఆగొచ్చు. కాకపోతే ఏం తినాలన్నది ఆలోచించాలి. ముందున్నది ఘాట్ రోడ్డు. నూనె ఓడే పూరీలు, మసాలా కూర తిని బస్సెక్కిన పిల్లలు పదో మలుపు దగ్గర ఏం చేస్తారో కండక్టర్లనడిగితే చెబుతారు. ఇడ్లీ మంచిది. మజ్జిగన్నం ఇంకా మంచిది.

మరి ఆ పులిహోర డబ్బా? దోర్నాలలో విప్పడమో, కొండ చేరాక విప్పడమో చేయాలి. అడవి మధ్యలో చెట్టునీడ బాగుందని కారాపి పంక్తిభోజనానికి కూర్చోవడం అటవీశాఖకు నచ్చదు. నచ్చకపోవడానికి కారణం ఉంది. కోతులకు మనం విసిరే అరటిపండు వాటిని అడవిలోంచి రోడ్డు మీదికి రప్పిస్తుంది. అలవాటు పడిన కోతి మరో చేతి కోసం పరిగెత్తుకొచ్చి టైరు కింద పడుతుంది. ఉప్పగా ఉన్న చిప్స్ కవరును దుప్పి నాకి నాకి మింగేస్తుంది. అందుకే ప్లాస్టిక్ మీద ఆంక్షలు. అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ‘దగ్గర్లో హోటళ్లు’ అని వెతికినా ఫోను సమాధానం చెప్పదు. చెప్పడానికి అక్కడ హోటలుంటేగా!

ఇల్లాళ్లకు తెలియంది కాదు కానీ ఓ మాట... చింతపండు పులిహోర మర్నాటిదాకా నిలుస్తుంది. నిమ్మకాయ పులిహోర అంతసేపు ఆగదు. పెరుగన్నాన్ని ఎండాకాలంలో మధ్యాహ్నం దాటనివ్వకూడదు.

కొండమీద ఎవరి పంక్తి?

శిఖరేశ్వరం దగ్గర నంది కొమ్ముల మధ్య నుంచి శిఖరం చూసి, సాక్షిగణపతికి హాజరు వేయించుకుని ఊళ్లోకి ప్రవేశిస్తే మళ్లీ అదే ప్రశ్న. శ్రీశైలంలో మాంసాహారం ఉండదు. ఆ మేరకు ఎంపిక సులువైంది. మిగిలినవి మూడు: ప్రైవేటు హోటళ్లు, సత్రాలు, దేవస్థానం అన్నదానం.

సత్రాలది పెద్ద కథ. బ్రాహ్మణుల కరివేన సత్రం, ఆర్యవైశ్యుల వాసవీ సత్రం, రెడ్లది, కమ్మవారిది, వెలమలది, యాదవులది... ఇలా సామాజికవర్గాల వారీగా వరుసగా కనిపిస్తాయి. అడవిలో రోజుల తరబడి నడిచి వచ్చినవాడికి ‘మనవాడు’ అన్న భరోసాతో గది, అన్నం పెట్టిన ఆలోచన అది. పెట్టినవాళ్ల దాతృత్వాన్ని తక్కువ చేయలేం. గదులకూ భోజనాలకూ ఒక్కో సత్రానిదీ ఒక్కో నియమం. ముందే ఫోన్ చేసి కనుక్కోవడం ఉత్తమం. కానీ శివుడి ముందు ఒకే క్యూలో నిలబడి వచ్చినవాళ్లు భోజనం దగ్గరికొచ్చేసరికి ఎవరి బోర్డు కిందికి వాళ్లు విడిపోవడం చూస్తే, ఏ బోర్డూ లేనివాడు ఎటు వెళ్లాలన్న ప్రశ్న రాకమానదు. వాడికి దేవస్థానం నిత్యాన్నదానం ఉంది. అక్కడ ఇంటిపేరు అడగరు. పక్కన కూర్చున్నది జిల్లా అధికారి కావచ్చు, కర్ణాటక నుంచి నడిచొచ్చిన రైతు కావచ్చు. అన్నం, పప్పు, సాంబారు, మజ్జిగ. రుచికి వంక పెట్టేవాళ్లుంటారు. ఆకలిగా ఉన్నవాళ్లు పెట్టరు. కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి మాత్రం అక్కడా క్యూ తప్పదు. చంటిపిల్లలతో వెళ్లినవాళ్లు చేతిలో ఏదో ఒకటి ఉంచుకోవాలి.

అమ్మమ్మ ఉపవాసం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. షుగరు మాత్ర వేసుకుని, దర్శనం అయ్యేదాకా తిననంటూ రెండు మూడు గంటలు క్యూలో నిలబడితే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. చెమటలు పట్టి కూలబడితే చుట్టూ ఉన్నవాళ్లు భక్తి పారవశ్యం అనుకునే ప్రమాదం కూడా ఉంది! మాత్రలు వాడే పెద్దవాళ్లు ఉపవాసం సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. కనీసం కొంగున రెండు ఖర్జూరాలో, ఓ బెల్లంముక్కో ఉండాలి.

కొండకు కాకుండా ఇటు కంభం, గిద్దలూరు వైపు వెళ్లేవాళ్లకు ఇంత హడావిడి లేదు. గుండ్లకమ్మ నీటితో నిండే కంభం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువు నిండిన ఏడాది అటుగా వెళితే చేపల పులుసు ఎవరింట బాగుంటుందో అడిగి వెళ్లడమే. నల్లమలలో ఉన్న నెమలిగుండ్ల రంగనాయకస్వామి దగ్గరికి శనివారం వెళ్లేవాళ్లు గిద్దలూరులోనో, రాచర్లలోనో తిని బయల్దేరాలి. గిద్దలూరు అనంతపురం-గుంటూరు రహదారి మీద ఉంది కాబట్టి లారీలవాళ్ల సూత్రం ఇక్కడ బాగా పనిచేస్తుంది. ఎక్కువ లారీలు ఎక్కడుంటే అక్కడ అన్నం వేడిగా ఉంటుంది.

తిరుగుప్రయాణంలో దోర్నాల రంగు మారుతుంది. పొద్దున విభూతి పెట్టుకుని ఇడ్లీ తిన్నవాళ్లలో కొందరు సాయంత్రం దిగాక నాటుకోడి పులుసు వాసన ఎటునుంచి వస్తోందా అని చూస్తారు. ఇంటికి చేరి తలస్నానం చేసేదాకా నీచు ముట్టనివాళ్లు ఆ వైపు చూడనట్టు నటిస్తారు. ఒకే కారులో రెండు రకాలవాళ్లూ ఉంటే అదో సరదా.

పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె తట్టే ఆవిడ చేతి చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తుంది. ‘రా పెద్దమ్మా, కూర్చో. రొట్టెకు పప్పు వెయ్యనా, సెనక్కాయల పచ్చడా?’ అంటుంది. దర్శనం అయిపోయింది కదా, అమ్మమ్మకు ఇప్పుడు ఆకలి తెలుస్తుంది. ‘రెండూ వెయ్యి తల్లీ’ అంటుంది. బావమరిది పక్క బల్ల దగ్గర మాయమైపోతాడు. ఇంటాయన గడియారం చూసుకుని రాత్రి రైలుకు ఇంకా టైముందని తేల్చేస్తాడు. ఇల్లాలు సంచిలోంచి డబ్బా తీసి మూత తెరుస్తుంది. అడుగున గుప్పెడు పులిహోర మిగిలింది. పిల్లలు దాని మీద పడతారు.